సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా

విజయవాడలో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది. ఈఏపీసెట్ మొదలు బ్యాంకు పరీక్షల దాకా ఊరంతా బోర్డులే. ఇప్పుడు ఉద్యోగం చేసే తల్లుల వంతు వచ్చింది. తెల్లవారుజామునే లేచి రోజును ఎలా సర్దుకోవాలో, పిల్లల్ని వదిలి వచ్చామన్న బెంగను ఎలా దిగమింగుకోవాలో నేర్పుతామంటున్నారు. నేర్చుకుంటే నష్టమేమీ లేదు. కాన్పు తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరే అమ్మాయికి, పని వేళల గురించి పై అధికారితో మాట్లాడటానికి జంకే అమ్మాయికి ధైర్యం చెప్పే మనిషి అవసరమే. మధ్యలో ఉద్యోగం మానేసిన మహిళల కోసం టాటా గ్రూపు 2008లోనే ఒక ఇంటర్న్‌షిప్ పెట్టింది. అందులో చేతికి అసలైన ప్రాజెక్టు ఇచ్చారు, డబ్బిచ్చారు, వేళల్లో వెసులుబాటు ఇచ్చారు. ఉత్త సలహాలతో సరిపెట్టలేదు.

నేను ఒప్పుకోలేనిది ఒకటే. తరగతి ఎప్పుడూ తల్లికే. ఇంట్లో ఆయనకు లేదు, ఆఫీసులో మేనేజరుకు లేదు. కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి ధారపోస్తున్నారు. చెయ్యి పెట్టే మగవాళ్లు 88 నిమిషాలు. అసలు చెయ్యే పెట్టని మగవాళ్లు ఈ లెక్కలోకి రారు. మూడు గంటల పైచిలుకు తేడాను ఏ డైరీలో సర్దుతారు?

విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులకు సాయంత్రమే గిరాకీ. బడి నాలుగింటికి వదులుతారు, షాపు తొమ్మిదికి గానీ కట్టేయరు. కౌంటర్ వెనక చీరలు మడత పెడుతూనే సేల్స్‌గర్ల్ గొంతు తగ్గించి ఫోన్ చేస్తుంది: "అత్తయ్యా, వాడు పాలు తాగాడా? హోంవర్క్ పక్కింటి అక్క దగ్గర చేయించండి." ఆఫీసు ఉద్యోగినికి ఈ గండం ఏడింటికి గట్టెక్కుతుంది, ఈమెకు తొమ్మిది దాటాలి. ఇక ఉయ్యూరు, కంకిపాడు వైపు నాట్లకు వెళ్లే తల్లి బిడ్డను చూసేది అమ్మమ్మ, లేదంటే బడి మానిపించిన పెద్దపిల్ల. కోచింగ్ కబురు అక్కడిదాకా చేరదు.

వ్యవస్థ తలుచుకుంటే ఏం చేయగలదో మన కళ్లముందే జరిగింది. 2016లో రాష్ట్ర సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి కదిలినప్పుడు ఎందరో ఉద్యోగినులు పిల్లల చదువులు అక్కడ, కొలువు ఇక్కడ అన్నట్టు చిక్కుపడ్డారు. అప్పుడు ఎవరూ వాళ్లకు సమతూకం గురించి పాఠాలు చెప్పలేదు. వారానికి అయిదు రోజుల పని పెట్టారు. హైదరాబాద్, విజయవాడల మధ్య ఇంటర్‌సిటీ రైలు వేశారు. కష్టం పూర్తిగా తీరిందని అనను, కానీ సర్దుకోవాల్సింది పని వేళలేనని ప్రభుత్వం అప్పుడు గుర్తించింది. ఆ ఉద్యోగులకు సంఘాలున్నాయి, గొంతుంది; అది కూడా కారణమే.

గొంతు లేనివాళ్ల దగ్గరకు వచ్చేసరికి దారి తిరగబడింది. 2025లో రాష్ట్రం రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందన్నారు. బిడ్డకు ఆకలి వారానికోసారి వేయదు కదా! అదే ఏడాది ఆగస్టు 15న ఇదే నగరంలో మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు వల్ల ఛార్జీ మిగిలింది. మంచిదే. ఇంటికి చేరే వేళ మాత్రం ముందుకు జరగలేదు.

2017 ప్రసూతి సవరణ చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది, 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. బీసెంట్ రోడ్డు షాపుల్లో అంతమంది ఎక్కడుంటారు? పదిమంది యజమానులు కలిసి ఒక గది అద్దెకు తీసుకోవాలని చెప్పే నాథుడు కావాలి. అంగన్‌వాడీలున్నాయి గానీ ఆఫీసు వదిలేలోపే తాళం పడుతుంది. మిషన్ శక్తిలోని పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్ నడపవచ్చు. గవర్నర్‌పేట, పటమట, అజిత్‌సింగ్‌నగర్‌లలో దాన్ని ముందు రాత్రి ఏడున్నర దాకా, షాపుల్లో పనిచేసే తల్లుల కోసం తొమ్మిది దాటేదాకా తెరిచి చూడాలి. అయితే ఉన్న టీచరు నెత్తినే ఆ అదనపు గంటలు రుద్దకూడదు. గౌరవ వేతనం పెంచమని 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసిన ఆ టీచర్లు, ఆయాలు కూడా తల్లులే. సాయంత్రం షిఫ్టుకు వేరే మనిషిని పెట్టాలి, జీతమిచ్చి పెట్టాలి. ఆ జీతంలో కొంత షాపుల యజమానుల నుంచే వసూలు చేయాలి. వాళ్ల సాయంత్రం గిరాకీ నడుస్తున్నది ఈ తల్లుల చేతుల మీదే.