ముందు వచ్చినవాడికేనా మన చేయూత?

ఈ వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులందరం కలిసి ఒక సహాయ నిధి పెట్టుకోవాలని అనుకుంటున్నాం. చాలా మంచి ఆలోచన. అయితే ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర చర్చ మొదలైంది. "మొదటి మూడు ర్యాంకులకు ఇచ్చేద్దాం, ఏ గొడవా ఉండదు" అన్నది ఎక్కువమంది అన్నల మాట. ఈ హాస్టల్ అన్నం తిని, మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకుని, ఇప్పుడు పి.జి. చదువుతున్న మేము దీనిపై మా అభిప్రాయం మిత్రుల ముందు ఉంచుతున్నాం.

చదువు సంగతి తేల్చడానికి మేము పరుగు పందేల సంగతి ఎత్తుతున్నాం. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం తెల్లవారుజామున నాలుగింటికే గ్రౌండ్‌కు పోయే హాస్టల్ మనది. పరుగు మనకు కొత్త కాదు. ఎవరిని ఆదుకోవాలన్న ప్రశ్న మారథాన్ వంటి దూరపు పరుగుల జట్లకు ఎప్పుడూ ఎదురయ్యేదే.

బూట్ల కంపెనీల డబ్బుతో నడిచే పెద్ద జట్లు మొదట చూసేది టైమింగ్. అమెరికాలో కాలేజీ పోటీల్లో ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారో చూసి ఒప్పందం రాసుకుంటారు. జీతం, కోచ్, డాక్టరు అన్నీ వాళ్ళకే. ఇందులో న్యాయం లేదని మేము అనం. గడియారానికి కులం తెలియదు, సిఫారసు తెలియదు. మన అమ్మానాన్నలు మార్కులను నమ్మింది కూడా అందుకే. పేపరు దిద్దేవాళ్ళకు మన పేట కనబడదు కదా! కానీ గడియారం చెప్పేది ఎవరు ఎక్కడికి చేరారన్నది మాత్రమే. ఎక్కడ బయలుదేరారో, ఏం తిని పరుగెత్తారో అది చెప్పదు.

అమెరికాలోనే మిషిగన్ రాష్ట్రంలో కీత్ హాన్సన్, కెవిన్ హాన్సన్ అనే అన్నదమ్ములు పరుగు బూట్ల దుకాణాలు నడుపుతూ 1999లో ఒక జట్టు మొదలుపెట్టారు. పెద్ద కంపెనీలు పట్టించుకోని, కాలేజీ అయిపోగానే పరుగు మానుకోవలసి వచ్చే వాళ్ళను చేరదీశారు. ఉండటానికి ఇల్లు, బూట్లు, దుకాణంలో పార్ట్‌టైం పని, కలిసి పరుగెత్తే తోటివాళ్ళు. వాళ్ళిచ్చింది ఇదే. మన భాషలో చెప్పాలంటే ఒక హాస్టల్ పెట్టారు.

అందులో చేరినవాడే బ్రయాన్ సెల్. 2004 ఒలింపిక్ మారథాన్ ఎంపిక పోటీలో చాలా దూరం అందరికంటే ముందు పరుగెత్తి, చివర్లో వెనకబడి 12వ స్థానంలో మిగిలాడు. జట్టు అతన్ని వదిలేయలేదు. 2007లో జరిగిన ఎంపిక పోటీలో మూడోవాడిగా వచ్చి 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అదే జట్టులో 2005లో చేరిన డెజిరీ లిండెన్ 2011 బోస్టన్ మారథాన్‌లో రెండే రెండు సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. 2018లో గాలివాన మధ్య అదే బోస్టన్‌లో గెలిచింది. 1985 తర్వాత అక్కడ గెలిచిన మొదటి అమెరికా మహిళ ఆమె. చేరిన నాటి నుంచి ఆ గెలుపుకు పదమూడేళ్ళు పట్టింది. ఆ జట్టులో చేరినవాళ్ళంతా ఇంత ఎత్తుకు పోలేదన్నదీ నిజమే. అయినా చేయూత లేకపోతే ఈ ఇద్దరూ ఎక్కడ ఆగిపోయేవారో ఆలోచించండి.

రెండో రకం ఎంపిక కూడా చూద్దాం. మేరీ కెయిన్ అనే 17 ఏళ్ళ అమ్మాయి 2013 నాటికి ఆ వయసు వాళ్ళలో అమెరికాకే మేటి. నైకీ కంపెనీ వారి ఒరెగాన్ ప్రాజెక్ట్ ఆమెను తీసుకుంది. బరువు తగ్గాలని తనను వేధించారని, తన ఎముకలు ఐదు విరిగాయని ఆమె 2019లో బయటపెట్టింది. అందరికంటే ముందున్నవాళ్ళను ఏరుకున్నంత మాత్రాన వాళ్ళను ఆదుకున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దేశం సంగతికొస్తే, అవినాష్ సాబ్లే మహారాష్ట్ర బీడ్ జిల్లా రైతు బిడ్డ. ఇంటర్ కాగానే సైన్యంలో చేరి సియాచిన్‌లో పనిచేశాడు. 2015లో సైన్యం క్రాస్ కంట్రీ పోటీలతో పరుగులోకి వచ్చాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం గెలిచాడు. 1998 నుంచి ఆ పోటీలో మూడు పతకాలూ కెన్యా వాళ్ళవే. అతనికి ముందు ఉద్యోగం, కడుపునిండా తిండి దొరికాయి. ఆ తర్వాతే టైమింగ్ వచ్చింది.

ఇంకా దగ్గరి మాట చెప్పుకుందాం. బాబాసాహెబ్ అంబేద్కర్ గారు మెట్రిక్‌లో తెచ్చుకున్నవి 750కి 282 మార్కులు. 1913లో ఆయన బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ 282నే కొలబద్దగా పెట్టుకుని ఉంటే ఏమయ్యేది?

కాబట్టి మేము కోరేది ఇది. నిధిలో సగం ర్యాంకులకే ఇవ్వండి, కష్టపడి తెచ్చుకున్నవాళ్ళను తక్కువ చేయొద్దు. మిగతా సగం క్వార్టర్లీ పరీక్షలకూ ప్రీఫైనల్‌కూ మధ్య ఎక్కువ పైకి వచ్చినవాళ్ళకు ఇవ్వండి. సెలవుల్లో కూలికి పోయి వచ్చినవాడి 20 మార్కుల పెరుగుదల చిన్నదేమీ కాదు. ఒక సబ్జెక్టు పోయిందని సాయం ఆపేయకండి, సప్లిమెంటరీ దాకా నిలబడండి. చెక్కు ఇచ్చి ఫోటో దిగడం కంటే, ఎంట్రన్స్ దరఖాస్తు ఫీజు, సెలవుల్లో హాస్టల్ మూసినప్పుడు ఉండటానికి ఒక గది, వారానికోసారి ఫోన్ చేసి ఎలా చదువుతున్నావని అడిగే ఒక అన్న లేక అక్క ఎక్కువ పనికొస్తాయి.

ర్యాంకు వచ్చిన తమ్ముడికి చేయి అందించేవాళ్ళు బయట కూడా దొరుకుతారు. నలభయ్యో స్థానంలో ఉండి పట్టు వదలని చెల్లెలికి మనం తప్ప ఎవరున్నారు? వార్షికోత్సవం రోజు సమావేశంలో ఈ మాట కూడా చర్చకు పెట్టాలని పెద్దలను కోరుతున్నాం.