రెటైయో ముందున్న అసలు ప్రశ్న

ఫ్రాన్స్ సంప్రదాయవాదుల రిపబ్లికన్ పార్టీ 2025 మే 18న బ్రూనో రెటైయోను తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ప్రత్యర్థి లోరాన్ వోకియేకు నాలుగో వంతు ఓట్లు దక్కితే, ఆయనకు 74 శాతం పైచిలుకు వచ్చాయి. చాలాకాలంగా ఓటములకే అలవాటుపడిన శ్రేణుల్లో ఈ ఫలితం ఆశలు రేపడం సహజం. డిగాల్ వారసత్వం చెప్పుకొనే ఆ రాజకీయ కుటుంబానికి, గట్టి నాయకుడు దొరికితే మిగతావన్నీ వాటంతటవే చక్కబడతాయన్న నమ్మకం తరతరాలది. 2007లో నికొలా సర్కోజీ ఆ నమ్మకాన్ని నిజం చేసి చూపించారు కూడా. రెటైయో నుంచి కార్యకర్తలు కోరుకుంటున్నది మరో 2007నే. కానీ ఆ పార్టీని కుంగదీసింది నాయకుల కొరత కాదు. తాను ఎవరికి భిన్నమో, ఎవరితో ఎన్నటికీ కలవదో చెప్పలేకపోవడం. సభ్యుల ఓట్లతో తీరే లోపం కాదది.

అధ్యక్ష ఎన్నికల తొలి రౌండులో ఆ పార్టీ అభ్యర్థులకు వచ్చిన ఓట్లు వరుసగా చూస్తే సంగతి అర్థమవుతుంది. 2007లో సర్కోజీకి 31 శాతం, 2012లో ఆయనకే 27 శాతం, 2017లో ఫ్రాన్స్వా ఫియోన్‌కు 20 శాతం, 2022లో వాలెరీ పెక్రెస్‌కు 4.78 శాతం. 5 శాతం కూడా దాటకపోవడంతో ప్రచార ఖర్చులో ప్రభుత్వం తిరిగి చెల్లించే వాటాలో సింహభాగం చేజారి, పెక్రెస్ విరాళాల కోసం బహిరంగంగా అభ్యర్థించాల్సి వచ్చింది. ఓడిన ప్రతిసారీ తప్పును అభ్యర్థి మీదకే నెట్టారు. ఫియోన్ భార్యకు జీతం ఇచ్చిన వివాదం, పెక్రెస్ పేలవమైన ప్రసంగాలు నష్టం చేసిన మాట నిజమే. అయినా మనిషి మారినా పతనం ఆగలేదంటే కారణం మనుషులకు అవతల ఉంది.

2007లో అధికారానికి వెళ్లాలనుకునే మితవాదులకు సర్కోజీ పార్టీ తప్ప మరో దారి లేదు. మార్కెట్‌ను నమ్మేవారు, బలమైన రాజ్యం కోరేవారు, వలసల పట్ల కలవరపడేవారు ఒకే గొడుగు కిందికి వచ్చారు. 2017లో అధ్యక్షుడైన మధ్యేవాది ఎమాన్యుయెల్ మెక్రాన్ ఆ గొడుగును ఒకవైపు చీల్చారు. ఎదువార్ ఫిలిప్, బ్రూనో లెమేర్, జెరాల్డ్ దార్మనాఁ వంటి వారు ఆయన వెంట నడిచారు. 2024 జూన్‌లో రెండో చీలిక మరింత దారుణంగా వచ్చింది. అప్పటి పార్టీ అధ్యక్షుడు ఎరిక్ సియోటి స్వయంగా మరీన్ లెపెన్ నేషనల్ ర్యాలీతో పొత్తు ప్రకటించారు. 2007 శాసనసభ ఎన్నికల్లో 313 స్థానాలు గెలిచిన శిబిరం 2024లో 50 లోపుకు పడిపోయింది. మధ్యేవాదానికి ఒక ఇల్లు, జాతీయవాదానికి ఇంకో ఇల్లు ఉన్నప్పుడు, నడుమ మిగిలిన ఇంటికి ఎవరు వస్తారు?

రెటైయో వేరు, ఆయన ఆ జాతీయవాద ఓటరును వెనక్కి తెస్తారని అభిమానులు అంటారు. 2024 సెప్టెంబరు నుంచి 2025 అక్టోబరు వరకు హోం మంత్రిగా వలసల విషయంలో ఆయన కఠినంగా మాట్లాడిన మాట నిజం. కానీ ఆ ప్రయోగం కొత్తది కాదు. 2007 ప్రచారంలో జాతీయ అస్తిత్వానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెడతానన్న సర్కోజీ, జీన్ మారీ లెపెన్‌ను 10.44 శాతానికి దించారు. ఐదేళ్లు తిరిగేసరికి లెపెన్ కూతురు మరీన్ 17.9 శాతం సాధించారు. పొరుగు పార్టీ అంశాన్ని ప్రధాన స్రవంతిలోకి తెచ్చి గౌరవనీయం చేస్తే, చివరికి లాభపడేది ఆ పొరుగు పార్టీయే. ఇక సెనేట్‌లో తమదే పెద్ద బృందమని, వందలాది పట్టణాలు తమ చేతిలోనే ఉన్నాయని ఇంకొందరి వాదన. ఆ బలం తక్కువేమీ కాదు. అయితే సెనేటర్లను ఎన్నుకునేది ప్రధానంగా స్థానిక ప్రతినిధులు. మేయర్‌ను చూసి ఓటేసిన ఊరు అధ్యక్ష ఎన్నికల్లోనూ అలాగే ఓటేస్తుందని 2022 ఏమాత్రం రుజువు చేయలేదు.

అతి మితవాదంతో కలవబోమన్న గీత ఒకప్పుడు ఈ కుటుంబానికి గుర్తింపు. 1998 ప్రాంతీయ ఎన్నికల తర్వాత కొందరు మితవాద నేతలు నేషనల్ ఫ్రంట్ (నేటి నేషనల్ ర్యాలీ) ఓట్లతో పదవులెక్కితే, అప్పటి అధ్యక్షుడు జాక్ షిరాక్ తన సొంత శిబిరాన్నే టీవీలో బాహాటంగా ఖండించారు. 2002 అధ్యక్ష ఎన్నికల రెండో రౌండులో జీన్ మారీ లెపెన్‌పై షిరాక్‌కు 82 శాతం ఓట్లు పడ్డాయంటే, వామపక్షం కూడా ఆ గీతను నమ్మింది కాబట్టే. 2024 శాసనసభ రెండో రౌండుకు వచ్చేసరికి అదే పార్టీ ఎవరికి ఓటేయాలో చెప్పకుండా తప్పుకుంది. మెక్రాన్ శిబిరంతోనైనా నిలకడ లేదు. 2025 అక్టోబరులో లెమేర్‌కు మంత్రిపదవి ఇవ్వడంపై రెటైయో అలక ప్రధాని లెకోర్నూ ప్రభుత్వాన్ని గంటల్లో కూల్చింది. తర్వాత రెటైయో బయట నిలబడితే, పార్టీ నిర్ణయాన్ని కాదని కొందరు కొత్త మంత్రివర్గంలో చేరారు. అధ్యక్షుడి మాట పార్టీలోనే చెల్లకపోవడానికి మూలం, పార్టీ ఎటు నిలబడుతుందో ఎవరికీ తెలియకపోవడమే.

కాబట్టి రెటైయోను ఎన్ని శాతం ఓట్లు తెస్తారని కాదు, 2027 రెండో రౌండులో తమ అభ్యర్థి లేకుండా నేషనల్ ర్యాలీ బరిలో ఉంటే ఏం చెబుతారని అడగాలి. గీత గీస్తే సియోటి బాట పట్టాలనుకునే వారు వెళ్లిపోతారు. గీయకుంటే మిగిలిన మధ్యేవాదులు ఫిలిప్ వద్దకు చేరతారు. ఎవరినో ఒకరిని పోగొట్టుకోక తప్పదు. షిరాక్ గీసిన గీత కోసం ఆ నష్టాన్ని భరించడమే ఆ పార్టీకి గౌరవమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ మాట 2027 ప్రచారం ఊపందుకోక ముందే, రెటైయో నోటి నుంచే రావాలి.