వైద్యునిపై ఫిర్యాదు: రోగి మాట వినేదెవరు?

మా మదరసా వెనుక వీధిలో బీడీలు చుట్టి బతికే ఒక సోదరి కొన్నేళ్ల క్రితం అసర్ నమాజు తరువాత తన తల్లిని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. ఆమెకు వయసు ముప్పై దాటలేదు. కడుపునొప్పి అంటే వీధిలోని ఆర్.ఎం.పి. ఆమెను పట్నంలో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. స్కానింగ్ తీశారు, గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చిన ఇరవై రోజులకు గాని తన గర్భసంచి తీసివేశారన్న సంగతి ఆమెకు తెలియలేదు. భర్త చేత ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారట. ఆయనకు ఉర్దూలో తన పేరు రాయడం వచ్చు. కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. "మౌల్వీసాబ్, నన్నెవరూ అడగలె. గిది నేను పోయి ఎవర్నడగాలె?" అన్నది ఆ సోదరి.

పాఠక సోదరులారా, అప్పుడు మేము చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొహల్లా పెద్దలను వెంటబెట్టుకొని ఆ నర్సింగ్ హోముకు పోయాము. డాక్టరుగారు మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. గంటలో మాట కుదిరింది. ముప్పై వేల రూపాయలు చేతిలో పెట్టి, ఇకమీదట ఏ ఫిర్యాదూ లేదని స్టాంపు కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకున్నారు. ఆ కాగితం రాసింది మేమే. దస్తూరీ బాగుంటుందని అందరూ మా చేతికే కలం ఇస్తారు. ఆపరేషన్ తాలూకు కాగితాల నకళ్లు అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ తరువాత రెండేళ్లలో అదే ఆర్.ఎం.పి. వెంట అదే ఆసుపత్రికి పోయి, అదే ఆపరేషన్ చేయించుకొని వచ్చిన వాళ్లు ఆ వీధిలోనే మరో ఇద్దరు ఉన్నారు.

మేము పొరబడింది ఎక్కడ? రాజీ సొమ్ముతో ఆమె నష్టం పూడిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ వైద్యుడు రేపు మరో స్త్రీని ముట్టుకోవచ్చునా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వినియోగదారుల కమిషన్ ఉంది. రుసుము తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది వైద్య మండలి. డాక్టరు పేరు ఉండేది ఆ మండలి రిజిస్టరులో. హెచ్చరించడానికి, కొంతకాలంగాని శాశ్వతంగాగాని పేరు తీసివేయడానికి దానికే అధికారం ఉంది. ఆర్.ఎం.పి.ల పేర్లు ఆ రిజిస్టరులో ఉండవు కనుక వారిమీద పోలీసులకు చెప్పుకోవచ్చు.

వైద్యుల ప్రవర్తనకు 2002లో రాసిన నిబంధనలు ఉన్నాయి. వాటి స్థానంలో 2023 ఆగస్టు 2న కొత్తవి తెచ్చి, మూడు వారాలకే పక్కన పెట్టి, మళ్లీ పాతవాటినే నిలబెట్టారు. వాటిని చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఏది తప్పో అంత స్పష్టంగా రాశారు. ఆపరేషనుకు ముందు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. రోగి రహస్యం బయటపెట్టరాదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వరాదు, పుచ్చుకోరాదు. వృత్తిని అడ్డం పెట్టుకొని రోగితో అనుచితంగా ప్రవర్తిస్తే చర్య తప్పదు. అడిగిన 72 గంటలలోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. ఫిర్యాదును ఆరు నెలలలోగా తేల్చాలి. రిజిస్టరు నుంచి పేరు తీసివేస్తే ఆ సంగతి స్థానిక పత్రికల్లో విస్తృతంగా ప్రకటించాలి కూడా. ఇన్నేళ్లుగా రోజూ రెండు భాషల పత్రికలు చదువుతున్నాము. అలాంటి ప్రకటన మా కంట పడలేదు.

అంగీకారం అంటే ఏమిటో ఢిల్లీ కేసు చెబుతుంది. 1995లో 44 ఏళ్ల అవివాహిత ఒకామె రక్తస్రావం ఆగడం లేదని క్లినిక్కుకు పోయింది. లోపల ఏముందో చూసే పరీక్షకు సంతకం చేసింది. ఆమె మత్తులో ఉండగా సహాయకురాలు బయటికి వచ్చి తల్లి సంతకం తీసుకున్నది. గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఏమన్నది? పరీక్షకు ఒప్పుకోవడం చికిత్సకు ఒప్పుకోవడం కాదన్నది. ప్రాణం మీదికి రానప్పుడు, మేజరైన మనిషి మెలకువ వచ్చి తానే నిర్ణయించుకోగలిగినప్పుడు, కన్నతల్లి సంతకం కూడా చెల్లదన్నది. డాక్టరు సదుద్దేశంతోనే చేసి ఉండవచ్చు. అయినా తప్పు తప్పే. తల్లి సంతకానికే విలువ లేకపోతే, చదవలేని కాగితం మీద భర్త పెట్టిన సంతకానికి ఏమి విలువ?

మా ఫిఖహ్ గ్రంథాల్లోనూ ఇదే మాట ఉంది. వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు అబూదావూద్ హదీసు ఉంది. వైద్యం తెలిసినవాడైనా అనుమతి లేకుండా కత్తి పెడితే బాధ్యుడేనని ధర్మశాస్త్రవేత్తలు రాశారు. హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి చనిపోతే, ఖలీఫా అల్ ముఖ్తదిర్ నగరంలోని వైద్యులందరినీ పరీక్షించమని సినాన్ ఇబ్న్ సాబిత్‌కు అప్పగించాడు. ఎనిమిది వందల అరవై మందికి పైగా పరీక్షకు కూర్చున్నారట. మాకు అంతకన్నా విలువైనదిగా తోచేది 12వ శతాబ్దంలో షామ్ దేశపు షైజరీ ముహ్తసిబుల కోసం రాసిన పద్ధతి. వైద్యుడు తాను ఇచ్చిన మందుల వివరం సాక్షుల ఎదుట రాసి, నకలు రోగి ఇంటివారికి ఇవ్వాలి. రోగి మరణిస్తే వారు ఆ కాగితాలు పట్టుకొని పేరుమోసిన పెద్ద వైద్యుని వద్దకు పోతారు. చికిత్స సరిగానే జరిగితే ఆయన ఆ మాటే చెబుతాడు. అశ్రద్ధ కనబడితే రక్తపరిహారం వసూలు చేసుకొమ్మంటాడు. అక్కడ కాగితం రోగివారి చేతిలో ఉంది. ఇక్కడ అది ఆసుపత్రి బీరువాలో ఉంది.

వైద్యుని తప్పును తోటి వైద్యుడే తూచాలన్నది పాత మాటే, న్యాయమైన మాటే. కడుపులో ఏం జరిగిందో మౌల్వీకి ఏం తెలుస్తుంది? అయితే తోటివాడు మొగ్గు చూపితే రోగి ఎక్కడికి పోవాలి? 1998లో కలకత్తాలో వైద్యం పొందిన ఒకామె అదే ఏడు మరణించింది. పశ్చిమ బెంగాల్ వైద్య మండలి డాక్టర్ల తప్పు లేదన్నది. సుప్రీంకోర్టు 2009లో నిర్లక్ష్యం జరిగిందని తేల్చి, 2013లో దాదాపు ఆరు కోట్ల పరిహారం ఇప్పించింది. ఆమె భర్త స్వయంగా వైద్యుడు, అమెరికాలో ఉంటాడు. కనుక పదిహేనేళ్లు పోరాడగలిగాడు. బీడీలు చుట్టే మనిషి పోరాడగలదా?

అందుకే పై మెట్టు ఒకటి ఉండాలి. 2002 నిబంధనలకు తరువాత చేర్చిన సవరణ ప్రకారం, రాష్ట్ర మండలి తీర్పు నచ్చని ఎవరైనా 60 రోజుల్లో ఢిల్లీకి అప్పీలు చేసుకోవచ్చు. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. దాని 30వ సెక్షన్ రాష్ట్ర మండలి చర్య మీద అప్పీలు హక్కు వైద్యునికి రాసింది. రోగి ఊసు అందులో లేదు. ఈ కారణం చూపి రోగుల అప్పీళ్లను కమిషన్ తిప్పి పంపింది కూడా. శిక్ష పడ్డవాడికి పై మెట్టు ఆ సెక్షనులో రాసి ఉంది, దెబ్బ తిన్నవాడికి రాయలేదు. ఇది ఏ రకం త్రాసు? ఆ సెక్షనులో "రోగి లేదా రోగి బంధువు" అన్న మాట చేర్చాలని మన ఎంపీలను అడగడానికి పెద్ద ఉద్యమాలు అక్కరలేదు. మండలిలో ఫిర్యాదులు వినేచోట వైద్యులు కానివారు కూడా కూర్చోవాలని మేము కోరుతున్నాము. బ్రిటన్ వైద్య మండలిలో 2013 నుంచి 12 మందిలో ఆరుగురు వైద్యులు కానివారే. అక్కడి వైద్యానికేమీ కీడు జరగలేదు.

ఇంకొక మాట. రోగి చనిపోగానే ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం, డ్యూటీ డాక్టరును కొట్టడం గర్హనీయం. రాత్రంతా మేలుకొని ప్రాణాలు కాపాడే వైద్యులు మాకూ తెలుసు. మా ఇంట్లో ఒక కాన్పు అలాంటివారి చేతి చలువే. ప్రతి చావూ డాక్టరు నేరం కాదు. అయితే రాళ్ల దారి, రాజీ దారి రెండింటి వల్లా తప్పు చేసిన వైద్యుని పేరు రిజిస్టరులో చెక్కుచెదరకుండా ఉంటుంది.

స్త్రీలపై అనుచిత ప్రవర్తన విషయంలో రాజీ మరీ సులువుగా కుదురుతుంది. పరువు పోతుందని ఇంటివారే నోరు మూయిస్తారు. పరీక్షగదిలో అలా జరిగితే పోలీసులకు, మండలికి రెండు చోట్లా చెప్పాలి. ఒకటి చేస్తే రెండవది అక్కరలేదనుకోవడం పొరపాటు.

ఇప్పుడు మా వద్దకు ఎవరైనా డిశ్చార్జి కాగితంతో వస్తే, ముందుగా కేసు షీటు నకలు ఇమ్మని ఆసుపత్రికి దరఖాస్తు రాసిస్తున్నాము. తేదీ వేసి, రసీదు తీసుకొమ్మంటున్నాము. 72 గంటల నిబంధన అందులో తెలుగులోనే రాస్తాము. మొన్నీమధ్య ఆ సోదరి కూడా వచ్చి, "నాకూ ఒకటి రాయండి" అన్నది. రాసిచ్చాము. అయితే రికార్డులు మూడేళ్లు దాచితే చాలునన్నది నిబంధన. ఆమె ఆపరేషన్ జరిగి ఆరేళ్లయింది.