రాయి మిగిలింది, చదివేవాళ్లు మిగల్లేదు



"ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం గదా, ఇంక రాత ఎందుకు?" మన తమిళనాడు తెలుగువాళ్లలో ఈ మాట ఎక్కువైంది. ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని పంపండి అంటే ట్యూషన్ ఉందంటారు. వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడుతున్నాం, భాష బతికే ఉంది అంటారు. ఈ వాదానికి లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఈజిప్టు రాయి జవాబు చెబుతుంది. దాని పేరు రోజెట్టా శిల.

క్రీ.పూ. 196లో ఐదవ టాలెమీ రాజును కొనియాడుతూ ఈజిప్టు పూజారులు చేసిన తీర్మానం దాని మీద ఉంది. ఆ రాజవంశం మాసిడోనియా నుంచి వచ్చింది, పాలన భాష గ్రీకు. అయినా శాసనాన్ని గ్రీకులో మాత్రమే చెక్కలేదు. పైన గుడి లిపి హైరోగ్లిఫ్, నడుమ జనం లిపి డెమోటిక్, కింద గ్రీకు. మూడు రాతల్లోనూ చెక్కి గుళ్లలో నిలపాలని శాసనం చివరనే ఉంది. రాజ్యభాష వచ్చింది గనుక సొంత రాత వదిలేద్దామని ఆ పూజారులు అనుకోలేదు. మనం మాత్రం ఎందుకు అనుకోవాలి? తమిళం బాగా నేర్చుకుందాం, ఈ నేల మనకు అన్నం పెట్టింది. దాని పక్కనే మన అక్షరాలకూ చోటుంది.

ఆ గుడి లిపి తర్వాత ఏమైంది? గుళ్లు మూతపడ్డాయి, నేర్పేవాళ్లు పోయారు. మనకు తెలిసిన చివరి హైరోగ్లిఫ్ శాసనం ఫిలే గుడిలో క్రీ.శ. 394 నాటిది. ఆ తర్వాత 1400 ఏళ్లు ఆ రాతను చదవగలిగిన మనిషి లేడు. జనం ఉన్నారు, భాష కూడా ఉంది. గ్రీకు అక్షరాలకు డెమోటిక్ గుర్తులు కొన్ని కలిపి దాన్ని కాప్టిక్‌గా రాసుకున్నారు. మనవాళ్లు ఇప్పుడు చెప్పే ఉపాయమూ ఇలాంటిదే. ఫలితం ఏమిటి? భాష నోట్లో ఉండగానే, తాతలు చెక్కిన గోడల ముందు చదువురాని వాళ్లయ్యారు. పోనుపోను ఇళ్లలోకి అరబీ వచ్చింది, కాప్టిక్ చర్చి ప్రార్థనల్లో మిగిలింది.

1799లో రషీదు ఊరి దగ్గర కోట పనిలో ఉన్న ఫ్రెంచి సైనికులకు ఈ రాయి దొరికింది. 1801లో బ్రిటిష్ సేన చేతికి పోయింది, 1802 నుంచి మ్యూజియంలో ఉంది. 1822లో దాని గుట్టు విప్పింది షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు. ఆయనకు కాప్టిక్ రావడం అందుకు ఎంతో సాయపడింది. మాట నిలుపుకుంటే మేలుందని మేమూ ఒప్పుకుంటాం. కానీ తాతల రాత చదివి చెప్పడానికి పరాయి దేశపు పండితుడు రావాల్సి వచ్చింది. రాయి ఈనాటికీ సొంత దేశం చేరలేదు.

మన సంగతి చూడండి. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. మన ఇళ్ల పెట్టెల్లో తాతల ఉత్తరాలు, పాత పత్రాలు ఉన్నాయి. రేపు మన మనవలకు వాటిని ఎవరు చదివి పెడతారు? డబ్బిచ్చి ఎవరినో పిలిపించుకోవాలా?

బడిలో తెలుగు ఉండటం, లేకపోవడం మన ఒక్కరి చేతిలో లేదు. వారానికి ఒక గంట మన చేతిలో ఉంది. ఈ ఆదివారం పిల్లల్ని తరగతికి పంపండి. రాత మరిచిన పెద్దలు కూడా వాళ్ల పక్కన కూర్చోండి.