కొత్త కారుకు తొలి వెయ్యి కిలోమీటర్లు

ఇంటికి కొత్త కారు రావడమంటే చిన్న పండగే. గుమ్మంలో హారతి, బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, ఇరుగు పొరుగుకి స్వీట్లు. ఇంతవరకూ మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అసలు సంగతి ఆ సాయంత్రం మొదలవుతుంది. "మొదటి ప్రయాణం తిరుపతికే" అంటారు మీవారు. అత్తగారూ మామగారూ వెనక సీట్లో, డిక్కీ నిండా సంచులు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరడం.

కాస్త ఆగండి. దేవుడి దర్శనానికి అడ్డు పడుతున్నానని కోప్పడకండి. ఓ నెల ఆగి వెళ్ళమంటున్నాను, అంతే. ఎందుకో వంటింటి లెక్కలోనే చెప్తాను.

కొత్త గ్రైండరు కొన్నప్పుడు ఏం చేస్తాం? మొదటి రోజే అందులో మినప్పప్పు పోసెయ్యం కదా. గుప్పెడు తవుడో నూకలో వేసి తిప్పుతాం. రాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని గరుకు పోతుంది, రాతిపొడి బయటకొస్తుంది. అది పారబోసి, కడిగి, అప్పుడు పప్పు వేస్తాం. రెండు రాళ్ళకీ పొత్తు కుదరాలన్నమాట.

కారు ఇంజన్ కథా ఇదే. లోపల సిలిండరు అనే గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటుంది. దాని చుట్టూ గాజుల్లా రింగులు ఉంటాయి. సిలిండరు గోడ మీద ఆయిల్ నిలవడానికి కంటికి ఆనీ ఆనని అడ్డగీతలు గీసి పంపుతారు ఫ్యాక్టరీలో. రింగులు ఆ గోడకి కొద్దికొద్దిగా ఒరుసుకుంటూ సరిగ్గా అమరి కూర్చోవాలి. అలా కూర్చోకపోతే ఆయిల్ సందుల్లోంచి పైకి పోయి పెట్రోలుతో పాటు మండిపోతుంది. ఆ నష్టం ఇవాళే కనిపించదు సుమా! నాలుగైదేళ్ళకి ఆయిల్ తగ్గిపోతూ, వెనక గొట్టంలోంచి నీలం పొగ వస్తూ ఉంటే అప్పుడు తెలుస్తుంది. అంబాసిడర్, ఫియట్ల కాలం నుంచీ మెకానిక్కులు ఈ మొదటి రోజుల్ని 'రన్నింగ్ ఇన్' అంటున్నారు. ఇప్పటి ఇంజన్లు అప్పటికంటే ఎంతో నునుపుగా తయారవుతున్నాయి, నిజమే. అయినా కంపెనీలు తమ పుస్తకాల్లో ఈ జాగ్రత్త రాయడం మానలేదు.

అన్నట్టు, కారుతో పాటు ఇచ్చే ఆ పుస్తకాన్ని మన ఇళ్ళలో ఎవరైనా తెరుస్తారా? కవరు కూడా చింపకుండా డాష్‌బోర్డు అరలో పడేస్తాం. మారుతి వారి పుస్తకంలో 960 కిలోమీటర్లు అని ఉంటుంది. ఇదేం లెక్క అనుకోకండి, 600 మైళ్ళని కిలోమీటర్లలోకి మార్చారు. హ్యుందాయ్ వారు వెయ్యి అంటారు. సారాంశం ఒకటే. ఇంజన్ని గట్టిగా అరిపించకూడదు. ఇంజన్ చుట్లు చూపించే ముల్లు రెండుకీ నాలుగుకీ మధ్య, అంటే నిమిషానికి రెండు వేల నుంచి నాలుగు వేల చుట్ల మధ్య తిరుగుతుంటే మంచిది. ఆగి ఉన్న బండిని ఒక్క తొక్కుతో దూకించకూడదు.

అలాగని మరీ గాజుబొమ్మలా నడపడమూ మంచిది కాదు. మైలేజీ వస్తుందని నాలుగో గేరులో పాతిక మీద ఈడ్చుకుపోతుంటారే కొందరు, ఇంజన్ గుడగుడలాడుతుంటే? అదీ కొత్త ఇంజన్‌కు హింసే. అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు మాత్రం ఒకే వేగం మీద గంటల తరబడి పోవడం. వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే రింగులు గోడకి నొక్కుకుంటూ, వదులవుతూ అన్నివైపులా సమంగా కుదురుతాయి. హైవే ఎక్కామంటే ముల్లు తొంభై మీద అతుక్కుపోతుంది, మనమేమో పాటలు వింటూ కూర్చుంటాం.

ఇప్పుడు తిరుపతి ప్రయాణం సంగతి చూడండి. హైదరాబాదు నుంచి 550 కిలోమీటర్ల పైమాటే. దారంతా ఒకే వేగం, బండి నిండా మనుషులు. ఆ పైన ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు బరువు. దిగేటప్పుడు బ్రేకులకు పరీక్ష, నాకు ఎక్కువ భయం దాంతోనే. కొత్త బ్రేకులు కూడా అరిగి పొత్తు కుదరాల్సినవే. మొదటి 320 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వెయ్యొద్దని మారుతి పుస్తకమే చెప్తుంది. కొత్త టైర్ల మీద కూడా అచ్చు తాలూకు జిడ్డు ఉండి మొదట్లో పట్టు తక్కువగా ఉంటుంది. తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే గంటకోసారి ఆగండి, వేగం మారుస్తూ నడపమనండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టేసి ఉంచకుండా, రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకునేలా దిగమనండి.

"మొదటి రోజే కుమ్మేస్తేనే ఇంజన్ పదునెక్కుతుంది" అనే మెకానిక్కు మీ వీధిలోనూ ఒకడుంటాడు. వారంటీ ఇచ్చేది అతను కాదు, కంపెనీ. పుస్తకం మాటే వినండి.

ఇంకో సంగతి. "కొత్త కారు, నువ్వు ముట్టుకోకు. పాతబడ్డాక నేర్చుకుందువుగానిలే" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. లైసెన్సు చేతిలో ఉండి కూడా పక్క సీట్లో కూర్చునే ఆడవాళ్ళు ఎందరో. నన్నడిగితే ఇది తలకిందుల వాదన. పిల్లల్ని స్కూల్లో దింపడం, అటునుంచి మార్కెట్టు, ఓసారి అమ్మ వాళ్ళింటికి... ఊళ్ళో ఆగుతూ సాగుతూ, గేర్లు మారుస్తూ, మితమైన వేగంతో నడిపే ఈ నడకే కదా కొత్త ఇంజన్‌కు కావాల్సింది! ఒక్క మెళకువ: సందు చివర కూరల కొట్టు దాకా పోయి వచ్చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, దాంతో ఉపయోగం లేదు. రెండు మూడు పనులు కలుపుకుని అరగంటైనా తిరిగి రండి. పొద్దున్నే బండి స్టార్టు చేసి పది నిమిషాలు ఊరికే ఉంచడం పాతకాలపు అలవాటు, ఇప్పటి బళ్ళకు అర నిమిషం చాలు. తలుపులు మూసిన షెడ్డులో అసలు స్టార్టు చేసి ఉంచొద్దు, ఆ పొగ ప్రాణాలకే ముప్పు.

కరెంటు కారు కొన్నవాళ్ళకి ఈ పిస్టన్ గొడవ లేదు. బ్రేకులు, టైర్ల జాగ్రత్త మాత్రం వాళ్ళకీ ఉంది.

మీటరు వెయ్యి దగ్గర పడగానే మొదటి ఫ్రీ సర్వీసింగుకి ఫోన్ చేసి రోజు తీసుకోండి. ఫ్రీ అంటే పనివాళ్ళ కూలి, మార్చిన సామాను ఖర్చు మనదే. ఆయిల్ అప్పుడే మార్చాలా, తర్వాతా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. పుస్తకంలో ఆ పేజీ చూసి వెళ్తే కౌంటరు దగ్గర మాటకి మాట చెప్పొచ్చు. వెళ్ళే ముందురోజు, చదునైన చోట చల్లారిన బండిలో ఆయిల్ పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. బాగా కిందికి దిగి ఉంటే ఆ సంగతి సర్వీసు కాగితం మీద రాయించి, నకలు ఇంట్లో దాచండి.