ప్రత్యక్ష గానం – పరోక్ష శ్రోత

గానాన్ని మనం రెండు విధాలుగా వింటాం. గాయకుని ఎదుట కూర్చుని వినడం ఒకటి, యంత్రం ద్వారా వినడం మరొకటి. కచేరీ ధ్వనిముద్రణ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. గాయకుడు పాడింది సభలోని వారి కోసం. వింటున్నది సభలో లేని మనం. అర్ధ శతాబ్దం కిందట సముద్రాల ఆవల జరిగిన కచేరీని ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని రావిర్యాలలో కూర్చున్న విద్యార్థి ఈనాడు సెల్‌ఫోనులో వినగలుగుతున్నాడంటే అది ధ్వనిముద్రణ పెట్టిన భిక్షే. అయితే అలా విన్న వెంటనే మన నోట వెలువడే తీర్పు తరచుగా ఒకటే: "రికార్డులో ఉన్నంత బాగా లేదు." ఈ తీర్పు న్యాయమైనదేనా? కాదని నా అభిప్రాయం. ఒక వస్తువును మరొక వస్తువు కొలతతో కొలవడం వల్ల కలిగే పొరపాటు ఇది.

స్టూడియోలో తయారయ్యే పాట శిల్పం వంటిది. తప్పు దొర్లితే మళ్లీ పాడవచ్చు. నచ్చిన భాగాన్ని ఉంచి నచ్చనిదాన్ని తొలగించవచ్చు. వాద్యబృందాన్ని కావలసినంత పెంచుకోవచ్చు. కానీ దానికి దాని హద్దులూ ఉన్నాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులో ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. గాయకుని మనోధర్మం ఎంత విస్తారమైనదైనా ఆ మూడు నిమిషాలలోనే ఒదగాలి. కచేరీలో ఈ సంకెల లేదు. అక్కడ దిద్దుబాటు అవకాశమూ లేదు. గొంతు జీరవోయినా, ఊపిరి చాలకపోయినా, ఆ క్షణాన్ని ఆ క్షణంలోనే గట్టెక్కాలి. స్టూడియో గాయకునికి రక్షణ ఇస్తుంది. వేదిక స్వేచ్ఛనిచ్చి రక్షణను తీసుకుంటుంది.

ఇందుకు మన భాషలో ఘంటసాల వెంకటేశ్వరరావు కచేరీలు చక్కని ఉదాహరణ. 1922లో జన్మించిన ఘంటసాల విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శాస్త్రీయ సంగీతం అభ్యసించి, చలనచిత్ర గాయకునిగా, సంగీత దర్శకునిగా తెలుగువారి ఇంటింటికీ చేరువయ్యారు. 1970లో పద్మశ్రీ పురస్కారం పొందారు. 1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాలలో పర్యటించి కచేరీలు చేశారు. ఆయన కచేరీల ధ్వనిముద్రణలు అభిమానులు దాచుకున్న టేపుల నుంచి నేటి తరానికి అందుతున్నాయి.

ఆ కచేరీలలో ఘంటసాల ఎదుట హార్మోనియం ఉండేది. తానే మెట్లు పలికిస్తూ తానే పాడేవారు. ఐరోపా నుంచి మన దేశానికి వచ్చిన ఈ వాద్యానికి ఒక పరిమితి ఉంది. దాని మెట్టు ఒకే స్థాయిని పలుకుతుంది. రెండు స్వరాల నడుమ జారే గమకం దానికి చేతకాదు. ఈ కారణం చూపే 1940 నుంచి 1971 వరకు రేడియోలో దానిపై నిషేధం కొనసాగింది. వాద్యానికి లేని ఆ గమకాన్ని గాయకుని కంఠం అందించాలి. గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట వాద్యం స్వరాన్ని నిలిపి ఆ ఖాళీని పూరించాలి. వాయించే చేయి, పాడే గొంతు ఒకరివే అయినప్పుడు ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత సహజంగా సాగుతుందో కచేరీ టేపులలోనే మనకు స్పష్టంగా వినిపిస్తుంది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఆ టేపులలో లోట్లు లేకపోలేదు. చలనచిత్రంలోని పెద్ద వాద్యబృందం వేదిక మీద ఉండదు కాబట్టి, ఆ హంగుపై ఆధారపడిన పాటలు కొంత పలచబడతాయి. పద్యాల విషయం వేరు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' వంటి పద్యాలకు భారీ వాద్యఘోష అవసరం లేదు. శ్రుతి, భావం, స్పష్టమైన ఉచ్చారణ ఉంటే చాలు. పద్యపు చివర రాగాన్ని ఎంత దూరం సాగదీయాలన్నది అక్కడ రికార్డు నిడివి కాక, సభ నిర్ణయిస్తుంది. అందుకే ఆయన పాటలకు రికార్డును, పద్యాలకు కచేరీని ఆశ్రయించడం మేలని నేను భావిస్తాను.

వాద్యాన్ని తానే వాయిస్తూ పాడే పద్ధతి మనకు మాత్రమే పరిమితమైనది కాదు. పాశ్చాత్య రాక్ సంగీతంలో పియానో ముందు కూర్చుని పాడే గాయకులలో ఎల్టన్ జాన్ సుప్రసిద్ధుడు. 1986 డిసెంబరు 14న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మెల్‌బోర్న్ సింఫనీ వాద్యబృందంతో కలిసి ఆయన చేసిన కచేరీ ధ్వనిముద్రణగా వెలువడింది. అప్పటికి ఆయన గొంతు బాగా దెబ్బతిని ఉంది. 1987 జనవరిలో ఆయనకు గొంతు శస్త్రచికిత్స జరిగింది. ఆ ముద్రణలో బొంగురుదనం దాగదు. కానీ 'క్యాండిల్ ఇన్ ద విండ్' అనే పాటను వినండి. మరణించిన ఒక నటిని తలచుకుని పాడే ఆ పాట 1973లోనే స్టూడియోలో నున్నగా రూపొందింది. సిడ్నీలో అలసిన గొంతుతో పాడినప్పుడు దానికి అంతకుముందు లేని ఆర్ద్రత కలిగింది. ఆ కచేరీ రూపమే తరువాత బ్రిటన్‌లోను, అమెరికాలోను విశేష ప్రజాదరణ పొందింది.

అదే గాయకుడు 1975లో లాస్ ఏంజెలెస్ నగరంలోని డాడ్జర్ స్టేడియంలో పాడారు. 2022 నవంబరు 20న, 75 ఏళ్ల వయసులో, అదే వేదికపై అమెరికాలో తన వీడ్కోలు కచేరీ చేశారు. అందులో పూర్వపు తారస్థాయి స్వరాలు లేవు. పై స్వరాల అందంపై నిలిచిన పాటలు ఆ మేరకు నష్టపోయాయని ఒప్పుకోవలసిందే. గొంతు కిందికి దిగినా పియానోపై వేళ్ల పట్టు మాత్రం సడలలేదు. ఉన్న శక్తితో లేని శక్తిని ఎలా భర్తీ చేయవచ్చో ఆ ముద్రణ తెలియజేస్తుంది.

కాబట్టి కచేరీ ధ్వనిముద్రణను విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, శ్రుతిలయలు నిలిచాయా? రెండవది, వయసుకు, ఆరోగ్యానికి తగినట్లు గాయకుడు తన పాటను ఎలా మలచుకున్నాడు? మూడవది, సభలో పాడడం వల్ల ఆ పాటకు రికార్డులో లేని గుణమేదైనా కొత్తగా చేరిందా? మొదటి ప్రశ్నకు లోటు కనిపించినా, మూడవ ప్రశ్నకు బలమైన సమాధానం ఉంటే ఆ ముద్రణ భద్రపరచదగినదే. మూడింటికీ సమాధానం లేకపోతే గాయకుడు ఎంతటివాడైనా ఆ మాట చెప్పడానికి వెనుదీయకూడదు. అభిమానం వేరు, విమర్శ వేరు. పెద్దవారు గదా అని లోపాన్ని గుణంగా పొగడడం వారి కళకు గౌరవం కాదు. అలాగే కచేరీ ముద్రణ అనే పేరుతో వెలువరించే వాటిలో కొన్ని భాగాలను తరువాత స్టూడియోలో మళ్లీ పాడించి అతికించడమూ ఉంది. అలా చేసినప్పుడు ఆ సంగతి శ్రోతకు తెలియజేయడం ధర్మం.

వేదిక గాయకుని నుంచి ఎంత మూల్యం కోరుతుందో కూడా మరువరాదు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఘంటసాలకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. అటువంటి గాయకులు సభల్లో వెచ్చించిన ప్రాణశక్తికి మిగిలిన సాక్ష్యం ఆ టేపులే. మన వేడికి, తేమకు అయస్కాంత టేపులు క్రమంగా పాడైపోతాయి. ధ్వని బాగాలేదని నేడు పక్కన పడవేసిన టేపు రేపు మోగనే మోగదు. ఇంట్లో పెద్దలు దాచిన కచేరీ టేపులు ఉంటే వాటిని డిజిటల్ రూపంలోకి మార్పించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పాడారో రాసి ఉంచడం విద్యార్థులు చేయగల పని. ఆ తరువాత వాటిని తీరిగ్గా, పూర్తిగా వినాలి. మధ్యలో దగ్గు వినవచ్చు, చప్పట్లు వినవచ్చు, గొంతు ఒకచోట వణకవచ్చు. ఆ వణుకు దగ్గరే వినడం మానివేయకుండా, దాన్ని దాటి గాయకుడు పాటను ఎక్కడికి చేర్చాడో విన్న తరువాతనే మన తీర్పు చెప్పాలి.