స్టార్టర్ డబ్బాపై పనిచేసే మీటర్లు ఉండాలి



వేసవిలో మోటారు కాలిందంటే "కరెంటు సరిగా లేదు" అని మనం అంటాం. "లోడు ఎక్కువైంది" అని లైన్‌మన్ అంటాడు. "మోటారు పాతది" అని రివైండింగ్ షాపులో అంటారు. ఎవరి చేతిలోనూ అంకె ఉండదు. అంకె లేని తగాదాలో ఖర్చు మాత్రం ప్రతిసారీ రైతు నెత్తినే పడుతోంది.

అందుకే అడుగుతున్నాం: ప్రతి వ్యవసాయ మోటారు స్టార్టర్ డబ్బాపై పనిచేసే వోల్టుమీటరు, అమ్మీటరు ఉండాలి. చాలా డబ్బాలకు అవి బిగించే వస్తాయి. తర్వాత ముల్లు సున్నా దగ్గర ఆగిపోయినా ఎవరూ పట్టించుకోరు. ఉచిత కరెంటు వచ్చిన 2004 నుంచి మీటరు అంటే బిల్లేనన్న భయం మనలో ఉంది. ఇవి యూనిట్లు లెక్కపెట్టే మీటర్లు కావు, మన మోటారును కాపాడుకునే మీటర్లు.

5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టేజి 340కి పడిపోతే? హీటరైతే కరెంటు కూడా తగ్గుతుంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుందని పిల్లలు పదో తరగతిలో చదివే ఓమ్ నియమం అక్కడ సూటిగా సరిపోతుంది. మోటారు తీరు వేరు. నీళ్లు అంతే ఎత్తుకు తోడాలి కాబట్టి, వోల్టులు తగ్గిన కొద్దీ అది ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. 8 కాస్తా 10కి చేరువవుతుంది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 8 ఎనిమిదులు 64, 10 పదులు 100. రెండు ఆంపియర్లు పెరిగినందుకే వేడి ఒకటిన్నర రెట్లు దాటింది. వైండింగ్ మాడేది ఇందుకే.

తప్పు లైనుదే అనుకోవడానికీ లేదు. మన తీగలో ఒక లూజు అతుకు దగ్గర 4 వోల్టులు పడిపోతూ, 8 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. 4ని 8తో భాగిస్తే అర ఓం నిరోధం, గుణిస్తే 32 వాట్లు. రేడియో మెకానిక్ సీసం కరిగించే ఇనుముకు చాలినంత వేడి అది, ఒక్క అతుకులోనే! ఈ కొలత మీరు తీయవద్దు, ఎలక్ట్రీషియన్ చేత తీయించండి. కరెంటున్న డబ్బా తెరిచి ప్రాణం పోగొట్టుకున్న రైతులు చాలామంది. మీటరు బయటే ఉంటే తలుపు తెరవకుండానే అంకె కనిపిస్తుంది.

రోజూ మోటారు నడుస్తున్నప్పుడు వోల్టులు, ఆంపియర్లు, టైము ఒక నోటుబుక్కులో రాయండి. ఆంపియర్లు మోటారు పేరుపలకపై రాసినదాన్ని దాటితే ఆపేయండి. సరఫరా వోల్టేజిలో హెచ్చుతగ్గులు 6 శాతం మించకూడదన్నది విద్యుత్ సంస్థలకున్న నియమం. అంటే 415కు 390 దిగువన ముల్లు నిలిచిన ప్రతి రోజూ ఫిర్యాదు చేసే హక్కు మనకుంది. వారం రోజుల అంకెలతో వెళ్లిన రైతును "చూద్దాంలే" అని పంపడం అంత తేలిక కాదు.

విద్యుత్ సంస్థలూ తమ వంతు చేయాలి. వేసవిలో ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌పై లోడు కొలిచి, ఆ అంకెను రైతులకు చెప్పాలి. సామర్థ్యం చాలని చోట పెద్దది పెట్టాలి.

వచ్చే గ్రామసభలో ఈ రెండు కోరికలపై తీర్మానం చేయించండి. దాని నకలును, మీ నోటుబుక్కును తీసుకుని అందరూ కలిసి సెక్షన్ ఆఫీసుకు వెళ్లండి.